వాల్ట్‌లో డ్రాయింగులకు యాక్సెస్ ఇచ్చే ముందు జాగ్రత్తలు

- ఆటోడెస్క్ వాల్ట్ (డిజైన్ ఫైళ్లను భద్రపరిచి, నిర్వహించే సాఫ్ట్‌వేర్) కొత్తగా ఇన్‌స్టాల్ చేశాక అడ్మినిస్ట్రేటర్ అకౌంట్‌కు పాస్‌వర్డ్ ఖాళీగా ఉంటుంది. ముందు అది పెట్టండి, మిగతావన్నీ తర్వాతే.
- పర్మిషన్లు ఒక్కొక్కరికీ విడిగా కాకుండా గ్రూపుకు ఇవ్వండి. షాప్ ఫ్లోర్ (తయారీ విభాగం) వాళ్లకు చూడటం చాలు.
- ఒకే మనిషి రెండు గ్రూపుల్లో ఉన్నాడా? ఒకచోట 'డినై' ఉంటే, రెండోచోట 'అలౌ' ఉన్నా పనిచేయదు. ఈ ఒక్క టిక్కు వల్ల మా చెకర్ (డ్రాయింగులు సరిచూసే అతను) పొద్దంతా డ్రాయింగ్ తెరుచుకోక నన్ను తిట్టుకుంటూ కూర్చున్నాడు.
- రిలీజైన (ఆమోదం పొందిన) డ్రాయింగ్‌ను ఎవరూ (మీతో సహా) నేరుగా మార్చకుండా లైఫ్‌సైకిల్ స్టేట్‌లోనే (డ్రాయింగ్ ఏ దశలో ఉందో చెప్పే సెట్టింగ్) లాక్ చేయండి.
- ఉద్యోగం మానేసేవాళ్ల అకౌంట్ ఆపేముందు, వాళ్ల పేరు మీద చెక్ అవుట్‌లో (మార్చడానికి తీసుకుని తిరిగి పెట్టకుండా) ఉండిపోయిన ఫైళ్లు చూసుకోండి.
- టెస్ట్ యూజర్‌తో లాగినై చూడండి. అడ్మిన్ లాగిన్‌లో అన్నీ తెరుచుకుంటాయి, తప్పు బయటపడదు.