కిడ్నీ మార్పిడి అయి ఇంటికొచ్చాక ఎలా చూసుకోవాలి?

మా తమ్ముడికి అమ్మ కిడ్నీ ఇచ్చింది. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లు అన్నీ నర్సులే చూసుకున్నారు, అనంతపురం వచ్చేశాక ఆ మాత్రల సంచి చూసి మాకు కాళ్లు చేతులు ఆడలేదు. మేం నేర్చుకున్నది వరసగా చెప్తా.

ముందు మాత్రల టైం పెట్టుకోండి. ఒళ్లు కొత్త కిడ్నీని తిప్పికొట్టకుండా ఆపే టాక్రోలిమస్ మాత్ర 12 గంటలకోసారి, పొద్దున 8కి అంటే రాత్రి 8కే. ఎన్నేళ్లయినా ఒళ్లు ఆ కిడ్నీని పరాయిదిగానే చూస్తుంది కాబట్టి బాగానే ఉన్నా కదా అని ఒక్క పూట కూడా మానొద్దు. షాపులో వేరే కంపెనీది ఇస్తే డాక్టర్ని అడక్కుండా తీసుకోవద్దు. మావాడు పెళ్లికి పోయినా చొక్కా జేబులో చిన్న డబ్బా ఉంటుంది, అలారం మోగే లోపే అమ్మ "రేయ్, ఎనిమిదైంది" అంటుంది.

రక్తంలో టాక్రోలిమస్ ఎంతుందో చూసే లెవెల్ టెస్ట్ ఉన్న రోజు మాత్రం పొద్దున మాత్ర వేసుకోకుండా పోయి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. మేం ఒకసారి తెలీక వేసేసి పోయాం, లెవెల్ ఎక్కువ చూపించింది, ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు, మళ్లీ టెస్ట్ చేయిస్తే నార్మలే.

తర్వాత ఒక నోట్‌బుక్ పెట్టి రోజూ బరువు, బీపీ, జ్వరం రాయండి. జ్వరం 100.4 దాటినా, మూత్రం తగ్గినా, కాళ్లు వాచినా, కిడ్నీ పెట్టిన చోట నొప్పి వచ్చినా అదే రోజు ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్‌కి ఫోన్ చేయాలి. వీధిలో ఇంజక్షన్ వేయించుకోవడం, మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మింగడం, ఎవరో చెప్పిన నాటు మందు తాగడం, ఇవేవీ వద్దండి, కిడ్నీ దెబ్బతిని రక్తంలో క్రియాటినిన్ అనే వ్యర్థం పెరిగిపోతుంది.

ఇక తిండి. డయాలసిస్ అప్పుడు గ్లాసులు లెక్కపెట్టి నీళ్లు తాగినోడు, డాక్టర్ తాగొచ్చు అన్నాక చెంబెడు నీళ్లు ఎత్తి గటగటా తాగి మా మొహాలకేసి చూశాడు, అది మాత్రం మర్చిపోలేను. కాచి చల్లార్చిన నీళ్లు డాక్టర్ చెప్పినంత తాగాలి. వేడి సంగటి, పప్పు, ఇంట్లో చేసిన ఉగ్గాని హాయిగా తినొచ్చు. పచ్చిపాలు, రోడ్డు మీద కోసి పెట్టిన పండ్లు వద్దు. పంపరపనస అసలు ముట్టొద్దు, దాంతో రక్తంలో టాక్రోలిమస్ పెరుగుతుంది. ఆ మాత్రల్లో ఉండే స్టెరాయిడ్‌తో ఆకలి, షుగర్ రెండూ పెరుగుతాయి కాబట్టి అన్నం, ఊరగాయ కొంచెం తగ్గించాలి.

మొదటి మూడు నెలలు జనంలోకి పోతే మాస్క్ పెట్టుకోవాలి, చెనక్కాయల మూట, నీళ్ల బిందె, సిలిండర్ లాంటివి ఎత్తకూడదు. నడక మాత్రం రోజూ. మన ఎండలకి గొడుగు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి, ఈ మందులతో చర్మ క్యాన్సర్ ముప్పు ఎక్కువ.

మనిషిని గదిలో కూర్చోబెట్టి కాపలా కాయొద్దు. స్టెరాయిడ్‌తో నిద్ర పట్టదు, కోపం వస్తుంది, "అమ్మకి భారమయ్యాను" అని ఒక్కోసారి ఏడుస్తాడు, అప్పుడు పక్కన కూర్చుంటే చాలు.

ఇచ్చినోళ్లని కూడా మర్చిపోకండి. ఏడాదికోసారి వాళ్లకీ బీపీ, క్రియాటినిన్ చూడాలి. అమ్మ "నాకేమైందిరా" అని వాయిదా వేస్తుంటే మావాడి చెకప్ రోజే ఆమెకీ టెస్టులు రాయించేశాం, ఇప్పుడు ఇద్దరూ ఒకే ఆటోలో పోతారు.