కన్సల్టింగ్ ఉద్యోగం పోయిందా? ముందు ఈ పనులు చూడండి

ఉద్యోగాలు తీసేస్తున్నామని చెప్పిన హెచ్‌ఆర్ మీటింగ్ అయిన వెంటనే మా టీమ్‌లో చాలామంది లింక్డిన్ తెరిచారు. కానీ మీరు ముందు కాగితాల సంగతి చూడండి. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క మెయిల్‌లోనే అడగండి. సర్వీసు ఐదేళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు: చివరి నెల జీతంలో గ్రాట్యుటీకి లెక్కలోకి వచ్చే మొత్తాన్ని (ముఖ్యంగా బేసిక్, డీఏ అంటే కరువు భత్యం) 26తో భాగించి, 15తోనూ సర్వీసు ఏళ్లతోనూ గుణించి సరిచూసుకోండి. ఆఫీసు ఇన్సూరెన్స్ ఆగకముందే సొంత హెల్త్ పాలసీ తీసుకోండి, ఇంట్లో పెద్దవాళ్లుంటే మరీనూ.

అసలు కష్టం రెజ్యూమె దగ్గరే. నేను ‘ఫార్మా క్లయింట్‌కి సప్లై చెయిన్ ట్రాన్స్‌ఫర్మేషన్’ అనే లైన్ కొట్టేసి, ‘జీడిమెట్ల గోడౌన్‌లో ఎక్స్‌పైరీ దగ్గరపడ్డ సరుకు ముందు బయటికెళ్లేలా పికింగ్ (ఆర్డర్లకి సరుకు తీసే) పద్ధతి మార్చాను’ అని రాశాను. తర్వాత ఇంటర్వ్యూలో చాలాసేపు దాని గురించే అడిగారు. క్లయింట్ పేరు మాత్రం రాయకండి.

కన్సల్టెన్సీ ఒప్పందంలో అడ్డేమీ లేకపోతే, మీ పని కళ్లారా చూసిన పాత క్లయింట్ల ప్లాంట్ మేనేజర్లకి ఫోన్ చేయండి. “ఉద్యోగం ఉందా” అనొద్దు. “మీ దగ్గర ఇప్పుడు ఏ పని ఆగిపోయి ఉంది సార్?” అని అడగండి.

ఎందుకు తీసేశారని ఇంటర్వ్యూలో అడుగుతారు, టెన్షన్ పడకండి. ప్రాజెక్టులు తగ్గి తీసేస్తే ఆ ఒక్క మాటే చెప్పి ఆగండి.