స్లాగు, లేటెక్సు కలిపిన కాంక్రీటుకి బలం తగ్గితే

ఎస్‌బీఆర్ లేటెక్సు (సింథటిక్ రబ్బరు పాలిమరు కణాలు కలిసిన పాలలాంటి ద్రవం), స్లాగు పొడి (ఇనుము కొలిమి చిట్టెం పొడి) రెండూ వేసిన కాంక్రీటు పరీక్ష క్యూబులు 28 రోజులకి బలం అందుకోలేదంటే సిమెంటు పెంచకండి. ముందు నీళ్ల లెక్క చూడండి. ఘనమీటరుకి సిమెంటు 280, స్లాగు 120 కిలోలు అనుకుందాం. ఆ 400లో 10 శాతం పాలిమరు అంటే 40 కిలోలు. లేటెక్సులో సగం నీళ్లే, కాబట్టి 80 కిలోలు పోయాలి. దాంతోనే 40 లీటర్ల నీళ్లు వచ్చేస్తాయి. నీళ్లకీ, సిమెంటు-స్లాగు మొత్తానికీ నిష్పత్తి 0.38 అయితే మొత్తం 152 లీటర్లు, విడిగా పోసేది 112 మాత్రమే. ఇసుకలో తడి ఉంటే ఆ నీళ్లనీ ఇందులోంచి తగ్గించాలి.

తర్వాత నురగ. లేటెక్సు నురగ కడితే కాంక్రీటులో గాలి చేరుతుంది. డీఫోమరు (నురగ తగ్గించే మందు) లేని లేటెక్సు వాడొద్దు, మిక్సరు అవసరానికి మించి తిప్పొద్దు. గాలి 1 శాతం పెరిగితే బలం దాదాపు 5 శాతం పడిపోతుంది.

అసలు చిక్కు క్యూరింగులో ఉంది. స్లాగు పనిచేయాలంటే తడి కావాలి, పాలిమరు పొర కట్టాలంటే ఆరాలి. నాకు కుదిరిన పద్ధతి: 7 రోజులు తడి గోనెసంచులు, ఆపైన నీడలో గాలికి ఆరబెట్టడం. 28 రోజులూ నీళ్ల తొట్టిలోనే ఉంచిన క్యూబులు పాలిమరు బలాన్ని చూపించవు. 56 రోజుల పరీక్షకి కూడా క్యూబులు పోసి పెట్టండి, స్లాగు నిదానంగా అందుకుంటుంది. ఇంకోటి, లేటెక్సు వల్ల ముఖ్యంగా పెరిగేది వంపు బలం, పాత కాంక్రీటుకి అంటుకునే పట్టు. ఒత్తిడి బలం ఒక్కటే కొలిచి మిశ్రమాన్ని తీసిపారేయడం అన్యాయం.