ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ జీవితకథ రాయడం ఎలా: కార్మెల్ స్నో ఉదాహరణగా

ఫ్యాషన్ పత్రిక ఎడిటర్ జీవితం రాయడానికి కూర్చుంటే మొదట ఎదురయ్యే చిక్కు, ఆమె చేసిన పని మీద ఆమె పేరు లేకపోవడం. ఫొటో పక్కన ఫొటోగ్రాఫర్ పేరు, గౌను పక్కన డిజైనర్ పేరు అచ్చవుతాయి. ఆ ఫొటోగ్రాఫర్‌ని పిలిపించిందెవరు, అన్ని ఫొటోల్లోంచి ఆ ఒక్కదాన్నే ఏరిందెవరు, దానికి రెండు పేజీలు ఇచ్చిందెవరు అన్నది ఎక్కడా రాసి ఉండదు. అందుకే పని పాత సంచికలతోనే మొదలవ్వాలి. అమెరికాలో హార్పర్స్ బజార్‌ని 1934 నుంచి 1957 దాకా నడిపిన కార్మెల్ స్నో మీద ఈ పద్ధతి పెట్టి చూద్దాం.

ముందు ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి: ఏడాది, హోదా, ఆధారం. స్నో 1887లో ఐర్లండ్‌లో, డబ్లిన్ దగ్గరి డాల్కీలో పుట్టారు. తల్లి న్యూయార్క్‌లో దుస్తులు కుట్టించే వ్యాపారం నడిపారు. 1921లో స్నో వోగ్‌లో చేరి, 1932 చివర్లో దాని పోటీ పత్రిక హార్పర్స్ బజార్‌కి మారారు. చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. 1932లోనే ఎడిటర్ అయ్యారని రాసేస్తారు. ఆమె చేరింది ఫ్యాషన్ ఎడిటర్‌గా. పత్రిక మొత్తం చేతికొచ్చింది 1934లో. ఈ తేడా పట్టించుకోకపోతే వేరొకరి నిర్ణయాలు కూడా ఆమె ఖాతాలో పడతాయి. హోదా మారిందనుకున్న ఏడాది సంచికలన్నీ తీసి, సంపాదకవర్గం పేర్లు వేసే చోటు ఒక్కటే చూడండి. అనుమానం అక్కడే తీరుతుంది.

ఇన్నేళ్ల సంచికలు ఆసాంతం చదవడం కుదరదు. ఏడాదికి మార్చిది, సెప్టెంబరుది తీసుకుంటే చాలు, కొత్త సీజన్ దుస్తులు వచ్చేది ఆ నెలల్లోనే. 24 ఏళ్లకు 48 సంచికలవుతాయి. లైబ్రరీలో బైండు చేసిన సంపుటాలైతే ముందు కవర్లు, ప్రకటనల పేజీలు ఉన్నాయో లేదో చూసుకోండి, బైండింగప్పుడు తీసేయడం మామూలే. కుట్టు దగ్గర మడతలోకి పోయిన భాగం వల్ల రెండు పేజీల లేఅవుట్ సగం కనపడదు. మైక్రోఫిల్ములో రంగు పోతుంది, కాబట్టి రంగు గురించి ఒక్క మాట కూడా దాన్ని చూసి రాయకండి.

సంచిక మీది నెల, ఫొటో తీసిన నెల ఒకటి కావు. 1933 డిసెంబరు సంచికే చూడండి. క్రీడల ఫొటోలు తీసి పేరు తెచ్చుకున్న హంగరీ ఫొటోగ్రాఫర్ మార్టిన్ ముంకాచిని స్నో న్యూయార్క్ పక్కనున్న లాంగ్ ఐలండ్ సముద్రపు ఒడ్డుకు పంపారు. చలిగాలి. ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రం, చేతులతోనే సైగ చేశారు. స్విమ్‌సూట్ మీద కేప్ (భుజాల మీంచి వేలాడే పైవస్త్రం) వేసుకున్న మోడల్ లూసిల్ బ్రోకా కెమెరా వైపు పరుగెత్తుకొచ్చారు. కేప్ వెనక్కి ఎగురుతోంది. అప్పటిదాకా మోడళ్లు ఎక్కువగా స్టూడియోలో బొమ్మల్లా నిలబడేవారు. డిసెంబరులో స్విమ్‌సూట్లేమిటని అనిపిస్తుంది. డబ్బున్న అమెరికన్లు చలికాలంలో ఫ్లోరిడా వెళ్లేవారు, ఆ పేజీలు వాళ్ల కోసం. ఇది తెలియక "వేసవిలో తీసిన ఫొటో" అని రాస్తే కథే తలకిందులవుతుంది.

ఆ తర్వాత పోల్చడం. స్నో 1934లో అలెక్సీ బ్రొడోవిచ్‌ని పేజీల రూపం తీర్చిదిద్దే ఆర్ట్ డైరెక్టర్‌గా తీసుకున్నారు. 1933 సంచిక ఒకటి, 1936 సంచిక ఒకటి పక్కపక్కన పెట్టి ఒక్కోదాంట్లో 20 ఫ్యాషన్ పేజీలు లెక్కపెట్టండి: గీసిన బొమ్మలెన్ని, ఫొటోలెన్ని, ఆరుబయట తీసినవెన్ని, పేజీ అంచుదాకా వచ్చినవెన్ని, తెల్లగా వదిలిన జాగా ఎంత. "విప్లవాత్మకం" అని రాయాలనిపించిన చోటల్లా ఈ అంకెలు రాయండి. పాఠకుడికి పత్రిక కళ్లకు కడుతుంది.

పేరు ఎవరికి దక్కాలన్నది అన్నిటికంటే ఓపికగా తేల్చాల్సిన సంగతి. 1943 మార్చి కవర్ మీద, తర్వాత హాలీవుడ్ తార అయిన లారెన్ బకాల్ ఉన్నారు. ఫొటో లూయిస్ డాల్ వుల్ఫ్‌ది. ఆ అమ్మాయిలో ఏదో ఉందని పట్టుకున్నది 1936లో స్నో తెచ్చుకున్న ఫ్యాషన్ ఎడిటర్ డయానా వ్రీలాండ్. ఎడిటర్ స్నో. ముగ్గురి పనీ మూడు వాక్యాల్లో విడివిడిగా రాయండి. అలాగే 1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్రెంచ్ డిజైనర్ క్రిస్టియన్ డియోర్ చూపించిన, సన్నని నడుము, వెడల్పాటి స్కర్టు ఉన్న దుస్తులకు "న్యూ లుక్" అన్న పేరు ఆయన పెట్టింది కాదు. అది స్నో అన్న మాటలోంచి వచ్చి స్థిరపడింది. డియోర్ పెట్టుకున్న పేర్లలో ఒకటి కొరోల్, పూరేకుల వలయం అని అర్థం.

జ్ఞాపకాల పుస్తకాన్ని చివర తెరవండి. స్నో 1961లో పోయారు, ఆమె పుస్తకం 1962లో మేరీ లూయిస్ ఆస్‌వెల్ సాయంతో వచ్చింది. అందులోంచి ఆమె ఇష్టాయిష్టాలు తీసుకోండి. తేదీలు, ఎవరెవరు ఏమన్నారన్న సంభాషణలు మాత్రం సంచికతోనో ఉత్తరంతోనో సరిపోలితేనే వాడండి.

చివరగా, ఆమె వెళ్లిపోయాక వచ్చిన నాలుగు సంచికలు చూడండి. స్నో స్థానంలో ఆమె అన్నదమ్ముల కూతురు నాన్సీ వైట్ వచ్చారు. 1958లో బ్రొడోవిచ్ కూడా వెళ్లిపోయారు. వ్రీలాండ్, ఫొటోగ్రాఫర్ రిచర్డ్ అవెడాన్ ఇంకా అక్కడే ఉన్నారు. మనుషులు కొందరు అలాగే ఉండగా పేజీల్లో ఏం మారిందో గమనిస్తే, స్నో చేతిలో ఉన్నదేమిటో చెప్పడానికి అంతకన్నా దగ్గరి ఆధారం దొరకదు.