రికార్డు మురికి ఏది, మన ఇంటి మురికి ఏది: థ్రాబింగ్ గ్రిసిల్ రీఇష్యూని హైదరాబాద్‌లో వినడం

బ్రిటిష్ బ్యాండ్ థ్రాబింగ్ గ్రిసిల్ మొదటి ఆల్బమ్‌కి వినైల్ రీఇష్యూ, అంటే పాత రికార్డుకి కొత్త ముద్రణ, కొన్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే: "పెట్టగానే బుస్సుమంటోంది, డిఫెక్టివ్ పీసా?" నేనూ మొదట అలాగే అనుకున్నాను. సీలు తీసి పెట్టాను, బుసబుస, మధ్యలో ఎవరిదో గొంతు, వెనక గోల. పాడైన కాపీ అనుకుని తిప్పి పంపించేశాను. మార్చి పంపిన రెండోదీ అచ్చం అలాగే ఉండేసరికి అర్థమైంది, లోపం కాదు, రికార్డే అది. కానీ అసలు సంగతి ఇంకో నెలకి గానీ తెలియలేదు. ఆ శబ్దంలో కొంత నిజంగానే మా ఇంటిది. ఎర్తింగ్ సరిగ్గా లేక వచ్చే 'గుంయ్' మోతని నెలరోజులు సంగీతంలో భాగమనుకుని శ్రద్ధగా విన్నాను. మీకు అలా జరగకూడదనే ఇది రాస్తున్నాను.

ముందు ఈ రికార్డు ఏమిటో చూద్దాం. 1975లో ఇంగ్లండ్‌లో నలుగురు కలిశారు: జెనెసిస్ పి-ఆరిడ్జ్, కోజీ ఫానీ టుట్టీ, పీటర్ క్రిస్టఫర్‌సన్, క్రిస్ కార్టర్. డ్రమ్మర్ లేడు. క్రిస్ కార్టర్ సింథసైజర్లూ రిథమ్ మెషీన్లూ చూసుకునేవాడు, గ్రిసిలైజర్ అనే ఎఫెక్ట్ పెట్టెని సొంతంగా తయారుచేశాడు. గిటార్, గొంతు ఏది అందులోంచి వెళ్ళినా మెషీన్ నమిలినట్టు బయటికొచ్చేది. క్రిస్టఫర్‌సన్ క్యాసెట్ ప్లేయర్లని చిన్న కీబోర్డుకి కలిపి, మీట నొక్కితే టేపు మోగేలా చేసుకున్నాడు. రికార్డు చేసిన శబ్దాల్ని మీటలతో వాయించే శాంప్లర్లు బజార్లోకి రాకముందే సొంత శాంప్లర్ అన్నమాట. 1976లో లండన్‌లో వీళ్ళు పెట్టిన ప్రదర్శన చూసి, వీళ్ళు నాగరికతని ధ్వంసం చేసేవాళ్ళని ఒక బ్రిటిష్ ఎంపీ తిట్టాడు. అదే ఏడాది ఇండస్ట్రియల్ రికార్డ్స్ అనే సొంత లేబుల్ (రికార్డు కంపెనీ) పెట్టుకున్నారు, ఇండస్ట్రియల్ మ్యూజిక్ అనే మాట అక్కడినుంచే ప్రపంచమంతా పాకింది. 1977 నవంబర్‌లో తొలి ఆల్బమ్ 'ద సెకండ్ యాన్యువల్ రిపోర్ట్' వచ్చింది, మొదట ముద్రించింది 785 కాపీలే. మొదటి ఆల్బమ్‌కి 'రెండో వార్షిక నివేదిక' అని పేరు, కంపెనీ ఫైలులాంటి తెల్లట్ట కవరు. పాటలమ్మే వ్యాపారాన్ని కూడా ఫ్యాక్టరీగానే చూపించాలన్నది వాళ్ళ పట్టుదల.

ఏ రీఇష్యూ కొనాలి? 2011లో వాళ్ళే ఇండస్ట్రియల్ రికార్డ్స్‌ని మళ్ళీ తెరిచి పాత ఆల్బమ్‌లని విడుదల చేశారు, రీమాస్టరింగ్, అంటే పాత టేపుల శబ్దాన్ని మళ్ళీ సరిచేసే పని, క్రిస్ కార్టర్‌ది. నలభై ఏళ్ళ సందర్భంగా 2017లో మ్యూట్ లేబుల్ మళ్ళీ తెచ్చింది. ఈ రెండింట్లో ఏది దొరికినా తీసుకోండి. రీమాస్టర్ అంటే బుస అంతా కడిగేసి ఉంటుందని ఆశించకండి. ఈ ఆల్బమ్‌కి మంచి రీఇష్యూ అంటే టేపు మురికిని టేపు మీదే ఉంచింది. దాన్ని తీసేస్తే, పసుపూ కారమూ కడిగేసిన పులుసుముక్కలా ఉంటుంది. 1977 కాపీ కోసం డబ్బు పోయొద్దు. వినడానికి రీఇష్యూ చాలు. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్, జీఎస్టీ, కొరియర్ అన్నీ కలిపి లెక్క అడిగాకే ఆర్డర్ పెట్టండి.

ఏప్రిల్, మే నెలల్లో అయితే పార్సిల్ దారిలో ఉందని తెలిసిన రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేలా చూసుకోండి. వినైల్ ప్లాస్టిక్కే కదా, 40 డిగ్రీల ఎండలో వాచ్‌మన్ గది బయట కుర్చీమీద మధ్యాహ్నమంతా ఉంటే వంగిపోతుంది. కారు వెనక సీట్లో వదిలేసి మాల్‌లోకి వెళ్ళినా అంతే. వచ్చాక వెంటనే పెట్టకండి, సాయంత్రం దాకా చల్లటి గదిలో బల్లపరుపుగా ఉంచి అప్పుడు విప్పండి.

ఇప్పుడు పరీక్ష. ఆంప్లిఫయర్ ఆన్ చెయ్యండి, మీరు రోజూ వినే సౌండ్ పెట్టండి, సూది మాత్రం రికార్డుమీద దించకండి. వినండి. సన్నటి బుస తప్ప ఏమీ రాకూడదు. 'గుంయ్' మని సాగే మోత వస్తే అది కరెంటు. మన సప్లై 50 హెర్ట్జ్, ఆ మోత స్పీకర్లోకి దూరుతోందన్నమాట. టర్న్‌టేబుల్ వెనకనుంచి సన్నటి ఎర్త్ వైరు ఒకటి వస్తుంది, దాన్ని ఫోనో ప్రీఆంప్ (సూది నుంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ని పెంచే పెట్టె) మీదున్న స్క్రూకి బిగించండి. సగం ఇళ్ళలో దీంతోనే పోతుంది. పోకపోతే ఫ్యాన్ రెగ్యులేటర్, డిమ్మర్ లైట్లు ఒక్కోటీ ఆపి చూడండి. 'జుయ్' మనే గరుకు శబ్దం ఎక్కువగా వాటిదే. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద నడుస్తున్నప్పుడు ఈ పరీక్ష చెయ్యకండి, చౌక ఇన్వర్టర్ల కరెంటు సాఫీగా ఉండదు, అది కూడా స్పీకర్లో వినిపిస్తుంది.

అయినా మోత ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో చూపించండి. చిక్కడపల్లి, నల్లకుంట వైపు పాత ఇళ్ళలో మూడు కన్నాల సాకెట్ ఉన్నా మూడోదానికి వైరే ఉండని చోట్లు నేను చూశాను. ఇది సంగీతం కంటే ముందు ప్రాణానికి సంబంధించిన విషయం, వాయిదా వెయ్యకండి. మా అపార్ట్‌మెంట్‌లో ఎర్త్ ఉంది, కానీ ఎండాకాలంలో ఆ ఎర్త్ వైరు పాతిన గుంత ఎండిపోయి పనిచెయ్యట్లేదు. మట్టిలో తడి లేకపోతే ఎర్తింగ్ బలహీనపడుతుంది. వాచ్‌మన్‌తో చెప్పి ఎర్త్ పిట్‌లో నాలుగు బకెట్ల నీళ్ళు పోయించాక, నెల రోజులుగా నేను సంగీతమనుకున్న మోత ఆ సాయంత్రమే పోయింది.

రెండో పరీక్ష: సూదిని రికార్డు అంచున, పాట మొదలవ్వకముందు ఉండే ఖాళీ గాడిలో దించండి. ఇక్కడ వచ్చేది రికార్డు పైపొరదీ సూదిదీ. 'టిక్' మని ఏదైనా వినిపిస్తే ఫోన్లో స్టాప్‌వాచ్ తీయండి. 33⅓ స్పీడులో రికార్డు ఒక చుట్టు తిరగడానికి సరిగ్గా 1.8 సెకన్లు పడుతుంది. ప్రతి 1.8 సెకన్లకీ అదే టిక్ వస్తే అది గీత గానీ అంటుకున్న దుమ్ముకణం గానీ. 1.8 సెకన్లకోసారి 'ధుమ్' మని మెల్లగా ఊగితే రికార్డు వంగింది. లెక్కా పత్రం లేకుండా ఎప్పుడు పడితే అప్పుడు చిటపటలాడితే అది మామూలు దుమ్ము, లేదా స్టాటిక్, అంటే రాపిడివల్ల రికార్డుమీద పేరుకునే కరెంటు. ఈ ఒక్క అంకె గుర్తుపెట్టుకుంటే షాపువాడితో మాట్లాడేటప్పుడు మీ దగ్గర ఆధారం ఉంటుంది, నాలాగా బాగున్న కాపీని తిప్పి పంపరు.

దుమ్ముకి కార్బన్ ఫైబర్ బ్రష్ కొనండి, ప్రతిసారీ పెట్టేముందు ఒక చుట్టు తుడవండి. మెట్రో పిల్లర్ల పక్కనో, ఎప్పుడూ ఏదో ఒక బిల్డింగ్ కడుతుండే మాదాపూర్ వైపో ఉంటే సూదిని కూడా చూసుకుంటూ ఉండండి, దానికి దూదిలా పేరుకుంటుంది. కుళాయి నీళ్ళతో కడగొద్దు, ఆ ఉప్పు గాడిలో ఎండిపోతుంది. బ్యాటరీ షాపుల్లో దొరికే డిస్టిల్డ్ వాటర్, మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. తాతల కాలం నాటి లక్క రికార్డులు ఇంట్లో ఉంటే వాటికి మాత్రం ఆల్కహాల్ ఉన్న ద్రవం ఏదీ తగలనివ్వకండి, కరిగిపోతాయి.

అసలు పరీక్ష ఆల్బమ్‌లోనే ఉంది, నాకు ఈ రికార్డంటే ప్రేమ కుదిరింది కూడా దానివల్లే. మొదటి వైపు పొట్టి పరిచయం తర్వాత 'స్లగ్ బెయిట్' అనే పాట మూడుసార్లు వస్తుంది, 'మాగట్ డెత్' కూడా పదేపదే వస్తుంది. ఒక్కోసారి ఒక్కో చోట రికార్డు చేసింది, ఎక్కువ లైవ్‌వే. కాబట్టి ఒక రికార్డింగ్ అయిపోయి ఇంకోటి మొదలైన క్షణంలో వెనకున్న బుస మారుతుంది: హాలు మారింది, జనం మారారు, టేపు మారింది. మారే బుస వాళ్ళది. పాట మారినా చెక్కుచెదరకుండా ఒకేలా సాగే మోత మీ ఇంటిది. ఇంకా అనుమానముంటే అదే రీమాస్టర్‌ని ఫోన్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, అక్కడ లేనిది మీ స్పీకర్లో ఉంటే వెతకాల్సింది మీ గదిలోనే.

ఒక మాట ముందే చెప్పాలి. ఈ పాటల్లో హింస ఉంది, మామూలు హింస కాదు. ఇంట్లో పిల్లలుంటే స్పీకర్లో పెట్టొద్దు. లేబుల్ గుర్తుగా ఆష్‌విట్జ్‌లో శవాలు కాల్చిన చోటు ఫొటోని వాడుకున్నారు. ఆ పని నాకు ఇప్పటికీ ఒప్పుదల కాదు, ఆ సంగతి తెలిసే కొనండి.

రెండో వైపు మొత్తం ఒకటే ముక్క, దాదాపు 20 నిమిషాలు. నన్నడిగితే మొదటిసారి వినేవాళ్ళు ఇక్కడే మొదలుపెట్టాలి. రాత్రి పదకొండు దాటాక, ఫ్యాన్ ఆపి, సౌండ్ తక్కువగానే పెట్టి వినండి. ఇందులో గోల తక్కువ, ఏదో పెద్ద షెడ్డులో మెషీన్లన్నీ ఆపేశాక మిగిలే శబ్దంలా ఉంటుంది. మా బావ బాలానగర్‌లో లేత్ మీద ఇరవై ఏళ్ళనుంచి పనిచేస్తున్నాడు, బేరింగ్ పోయిందో బెల్ట్ వదులైందో చెవితోనే చెబుతాడు. ఒక రాత్రి ఈ రెండో వైపు పెడితే చివరిదాకా కదలకుండా విన్నాడు. అయిపోయాక సూది ఎత్తబోతుంటే ఆగమని చెయ్యి చూపించి, స్పీకర్ దగ్గరికి చెవి పెట్టి, "ఇదొక్కటి మాత్రం పాటది కాదురా, నీ మోటారుది" అన్నాడు. మర్నాడు ప్లాటర్ (రికార్డు తిరిగే పళ్ళెం) తీసి, బేరింగ్‌లో ఒక చుక్క నూనె వేశాను.