మోషన్ అలర్ట్ ఫోన్‌కి రావట్లేదా? గొలుసు ఎక్కడ తెగిందో చూడండి

పాత డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసి, ‘మోషన్’ అనే ఉచిత ప్రోగ్రామ్‌కి ఐపీ కెమెరాలు కలిపి, కదలిక కనబడగానే టెలిగ్రామ్‌కి ఫొటో వచ్చేలా పెట్టుకున్నవాళ్ల కోసం ఇది. అలర్ట్ రాకపోతే చాలామంది ముందు సెన్సిటివిటీ మీద పడతారు. దాన్ని తర్వాత చూడొచ్చు. ముందు కెమెరా ఎదుట ఒకసారి నడిచి, కంప్యూటర్లో ఫొటోలు సేవ్ అయ్యే ఫోల్డర్ తెరవండి. ఆ నిమిషం ఫొటో అక్కడ ఉంటే కెమెరా, గుర్తింపు రెండూ బాగున్నట్టే, తేడా పంపించే దగ్గర ఉంది. ఫొటోయే లేకపోతే టెలిగ్రామ్ జోలికి పోనక్కర్లేదు.

ఫొటో ఉంది, ఫోన్‌కి రాలేదు

పంపే స్క్రిప్టును టెర్మినల్లో చేత్తో నడపండి. చేత్తో నడిపితే వెళ్తోంది, మోషన్ నడిపితే వెళ్లట్లేదు అంటే అది అనుమతుల గొడవ. సర్వీస్‌గా నడిచే మోషన్ మీ పేరు మీద నడవదు, ‘మోషన్’ అనే వేరే యూజర్ పేరు మీద నడుస్తుంది. ఆ యూజర్‌కి మీ హోమ్ ఫోల్డర్లోకి సాధారణంగా ప్రవేశం ఉండదు. స్క్రిప్టును ‘యూఎస్ఆర్ లోకల్ బిన్’ ఫోల్డర్‌కి మార్చి, ఎగ్జిక్యూట్ అనుమతి ఇచ్చి, కాన్ఫిగ్ ఫైల్లో పూర్తి పాత్ రాయండి. స్క్రిప్టు లోపల, ఫొటోను నెట్‌లో టెలిగ్రామ్‌కి పంపే ‘కర్ల్’ కమాండ్‌కి కూడా పూర్తి పాత్ రాస్తే మంచిది.

చేత్తో నడిపినా వెళ్లకపోతే టెలిగ్రామ్ తిరిగి పంపే నంబరు చూడండి. 401 అయితే బాట్ టోకెన్, అంటే మీ తరఫున ఫొటో పంపే టెలిగ్రామ్ ఖాతా (బాట్) రహస్య కోడ్ తప్పు. కాపీ చేసేటప్పుడు చివరి అక్షరం వదిలేయడం మామూలే. 400 అయితే చాట్ ఐడీ (ఫొటో ఏ చాట్‌కి వెళ్లాలో చెప్పే నంబరు) తప్పు, లేదా మీరు ఆ బాట్‌ని తెరిచి ఒక్కసారైనా ‘స్టార్ట్’ నొక్కలేదు. బాట్ తనంతట తాను మీతో మాట మొదలుపెట్టలేదు. 403 అయితే బాట్‌ని బ్లాక్ చేశారు, లేదా గ్రూపు నుంచి తీసేశారు. 429 అయితే వరసగా మరీ ఎక్కువ పంపుతున్నారు. ఇంటివాళ్లందరికీ కలిపి గ్రూపు పెట్టుకున్నవాళ్లు ఇంకొకటి గుర్తుంచుకోండి: మామూలు గ్రూపు సూపర్ గ్రూపుగా మారితే ఐడీ కూడా మారిపోతుంది. కొత్తది మైనస్ 100తో మొదలవుతుంది.

టెలిగ్రామ్ బదులు జీమెయిల్ వాడుతుంటే, మామూలు పాస్‌వర్డ్‌తో ప్రోగ్రాములు లాగిన్ కావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి వ్యక్తిగత ఖాతాలకు ఆపేసింది. టూ-స్టెప్ వెరిఫికేషన్ ఆన్ చేసి, 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకుని అది పెట్టాలి. పోర్టు 587.

అలర్ట్ వస్తోంది, కానీ నిమిషం ఆలస్యంగా

దొంగ గోడ దూకి వెళ్లిపోయాక ఫొటో వస్తే ఏం లాభం? నెట్ స్లో అని అనుకుంటారు గానీ, ఎక్కువసార్లు కారణం కాన్ఫిగ్‌లోనే ఉంటుంది. ‘పిక్చర్ అవుట్‌పుట్’ని ‘బెస్ట్’ అని పెడితే, అన్నిటికంటే ఎక్కువ కదలిక ఉన్న ఫొటోను ఎంచుకోవాలి కాబట్టి మోషన్ సంఘటన మొత్తం ముగిసేదాకా ఆగుతుంది. కదలిక ఆగాక ఎన్ని సెకన్లకు సంఘటన ముగిసినట్టో ‘ఈవెంట్ గ్యాప్’ చెబుతుంది, అది మామూలుగా 60. ఆ నిమిషమే మీ ఆలస్యం. ‘బెస్ట్’ తీసేసి ‘ఫస్ట్’ పెట్టండి, స్క్రిప్టును ‘ఆన్ పిక్చర్ సేవ్’కి తగిలించండి. ‘ఆన్ ఈవెంట్ స్టార్ట్’కి తగిలిస్తే ఆ క్షణానికి ఫొటో ఇంకా డిస్కులో పడి ఉండదు, నిన్నటి ఫొటో వచ్చినా ఆశ్చర్యం లేదు. వీడియో కూడా కావాలంటే ‘ఆన్ మూవీ ఎండ్’లో విడిగా పంపండి. అది ఎలాగూ ఆలస్యంగానే వస్తుంది.

పొద్దున ఒక అలర్ట్, తర్వాత సాయంత్రం దాకా ఏమీ లేదు

మనిషిని ఎక్కువ తికమక పెట్టేది ఇదే. అన్నీ పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. కెమెరా చూపులో కొబ్బరిమట్ట ఉంటే గాలికి నిమిషానికోసారైనా ఊగుతుంది. 60 సెకన్లు నిశ్శబ్దం దొరకదు కాబట్టి పొద్దున మొదలైన సంఘటన ముగియదు, కొత్తది మొదలవదు. ఈ మధ్యలో గేటు తీసుకుని ఎవరొచ్చినా అదే సంఘటనలో కలిసిపోతారు.

ఈవెంట్ గ్యాప్‌ని 15కి తగ్గిస్తే కొంత నయం. అసలు మందు మాస్క్. కెమెరా నుంచి ఒక ఫొటో తీసి, ఏదైనా ఇమేజ్ ఎడిటర్లో చెట్టు ఉన్న చోటు నలుపు, మిగతాదంతా తెలుపు పూసి, పీజీఎం ఫార్మాట్లో సేవ్ చేసి, ‘మాస్క్ ఫైల్’ దగ్గర దాని పాత్ ఇవ్వండి. కొలత సరిగ్గా కెమెరా ఫ్రేము కొలతే ఉండాలి.

రాత్రంతా ఉత్తుత్తి అలర్ట్‌లు

వాన పడి వెలిసిన రాత్రి ఉసిళ్లు లేస్తే ఫోన్ ఆగకుండా మోగుతుంది. దానికి తోడు కెమెరా అంచున సాలీడు గూడు కడుతుంది. కెమెరాలోని ఇన్‌ఫ్రారెడ్ లైట్లు లెన్సు పక్కనే ఉంటాయి కాబట్టి, ముందుకొచ్చిన దోమ కూడా తెల్లగా మెరుస్తూ మనిషంత కనిపిస్తుంది. బూజు వారానికోసారి గుడ్డతో దులపండి. కెమెరా లైట్లు ఆపేసి, నాలుగైదు అడుగుల దూరంలో విడిగా ఇన్‌ఫ్రారెడ్ లైటు పెడితే లెన్సు ముందు ఎగిరే పురుగులు అంతగా మెరవవు.

ఆ తర్వాత ‘థ్రెషోల్డ్’. ఇది శాతం కాదు, మారిన పిక్సెళ్ల లెక్క. మామూలు విలువ 1500. 640×480 ఫ్రేములో మొత్తం 3,07,200 పిక్సెళ్లు, అందులో 1500 అంటే దాదాపు అర శాతం. కెమెరా మార్చి 1920×1080 పెట్టాక అదే 1500 ఉంచితే, 20,73,600లో అది 0.07 శాతమే, బల్లి కదిలినా మోగుతుంది. అదే నిష్పత్తి కావాలంటే 10,000 దగ్గర మొదలుపెట్టి చూడండి. ‘మినిమమ్ మోషన్ ఫ్రేమ్స్’ 1 ఉంటే 3 చేయండి. సెకనుకు 5 ఫ్రేములైతే కదలిక అర సెకను పైన నిలవాలన్నమాట, చటుక్కున దాటే పురుగు తప్పుకుంటుంది, మనిషి తప్పుకోడు.

మునిమాపు, తెల్లవారుజామున సరిగ్గా ఒక్కో అలర్ట్ వస్తుంటే కెమెరా రంగుల నుంచి నలుపు-తెలుపుకు మారుతోందని అర్థం. ‘లైట్‌స్విచ్ పర్సెంట్’ 50 పెట్టండి. మెరుపులకూ అదే సరిపోతుంది.

కరెంటు పోయి వచ్చాక అంతా చచ్చింది

కంప్యూటర్ తనంతట లేవాలంటే బయోస్‌లో, కరెంటు తిరిగి వచ్చినప్పుడు ‘పవర్ ఆన్’ అనే ఎంపిక ఉండాలి. కంప్యూటర్ లేచినా చిత్రం బూడిద రంగులో ఉంటే, రౌటర్ కెమెరాకి కొత్త ఐపీ ఇచ్చేసి ఉంటుంది. రౌటర్లో కెమెరా మ్యాక్ అడ్రస్‌కి (ప్రతి పరికరానికీ ఉండే సొంత గుర్తింపు నంబరు) ఐపీ రిజర్వ్ చేయండి. యూపీఎస్‌కి కంప్యూటర్‌ని మాత్రమే తగిలించి రౌటర్‌నీ, ఫైబర్ పెట్టెనీ, పీఓఈ స్విచ్‌నీ (నెట్ కేబుల్లోనే కెమెరాలకు కరెంటు ఇచ్చేది) వదిలేస్తే ఫొటో తీసే దిక్కూ ఉండదు, పంపే దారీ ఉండదు.

పాత మదర్‌బోర్డుల్లో ఇంకోటి ఉంది. సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోతే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. తేదీ తప్పితే టెలిగ్రామ్, జీమెయిల్ సర్టిఫికెట్లు చెల్లనివిగా కనిపించి కనెక్షన్ కుదరదు. ఫొటోలు పాత తేదీతో సేవ్ అవుతుంటే అనుమానించాల్సింది ఈ బిళ్లనే.

పంపినట్టు లాగ్‌లో ఉంది, ఫోన్ మోగలేదు

ఫోన్ సెట్టింగుల్లో టెలిగ్రామ్‌కి బ్యాటరీ పొదుపు తీసేయండి, ఆటోస్టార్ట్ ఉంటే ఆన్ చేయండి. ఆ చాట్ మ్యూట్‌లో ఉందేమో కూడా చూడండి.

అలర్ట్ వస్తుంది, లైవ్ చూద్దామంటే తెరుచుకోదు

రౌటర్లో కనిపించే బయటి ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనక ఉన్నారు. ఒకే పబ్లిక్ ఐపీని ఎన్నో ఇళ్లు పంచుకుంటాయి కాబట్టి పోర్ట్ ఫార్వర్డింగ్ ఎంత చేసినా బయటి నుంచి లోపలికి దారి ఉండదు. అలర్ట్ లోపలి నుంచి బయటికి పోయేది, దానికి ఇబ్బంది లేదు. కంప్యూటర్లో, ఫోన్లో టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను ఒకే ప్రైవేటు నెట్‌వర్క్‌లా కలిపే యాప్) వేసి ఒకే ఖాతాతో లాగిన్ అవ్వండి. తర్వాత మోషన్ కాన్ఫిగ్‌లో ‘స్ట్రీమ్ లోకల్‌హోస్ట్’ ఆఫ్ చేస్తేనే 8081 పోర్టులో చిత్రం ఇతర పరికరాలకు కనిపిస్తుంది. పబ్లిక్ ఐపీ ఉన్నా ఆ పోర్టును నేరుగా ఇంటర్నెట్‌కి తెరవకండి, పాస్‌వర్డ్ పెట్టకపోతే మీ వాకిలి ఎవరైనా చూడొచ్చు.