నవంబరు వేట సీజన్‌కి ముందు, వాడిన ఇత్తడి తూటా కేసులు మళ్ళీ నింపుకునేవాళ్ళకి కొన్ని జాగ్రత్తలు

అక్టోబరు వచ్చిందంటే నాకు ఫోన్లు మొదలవుతాయి. మా పాలకొల్లు, భీమవరం వైపు నుంచి వెళ్ళి టెక్సాస్‌లో స్థిరపడ్డ పిల్లలు, నేనూ అక్కడ 18 ఏళ్ళు ఉండి వచ్చినవాణ్ణే కాబట్టి, "బాబాయ్, ఈ కేసులు ఇంకోసారి వాడొచ్చా?" అని ఫొటోలు పెడతారు. అక్కడ జింకల సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. తూటాలు సొంతంగా నింపుకునేవాళ్ళు దానికి ముందు రెండు వారాలు హడావుడి పడతారు, తప్పులు జరిగేది కూడా ఆ హడావుడిలోనే. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసేస్తే మేలనిపించింది.

ముందే ఒక మాట. ఇది చట్టం ఒప్పుకున్న చోట చేసేవాళ్ళ కోసం మాత్రమే. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం, 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూటా దగ్గర ఉంచుకున్నా నేరమే. ఇది చదివి ఇక్కడ ఎవరూ ఏమీ ప్రయత్నించొద్దు.

తూటాలో ప్రైమరు (అడుగున ఉండి నిప్పు పుట్టించే చిన్న మూత), పౌడరు (మందు), బుల్లెట్ (ముందున్న గుండు) ఒక్కసారికే. మళ్ళీ పనికొచ్చేది వీటన్నిటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం, అంటే కేసు ఒక్కటే, అందుకే పారెయ్యడానికి మనసొప్పదు. కానీ .30-06 అనే రకం రైఫిల్ తూటా పేలినప్పుడు లోపల ఒత్తిడి 60,000 పీఎస్ఐ దాకా వెళ్ళొచ్చు. మీ కారు టైరులో ఉండేది 35. అంత ఒత్తిడిలో ఆ గ్యాసు వెనక్కి, మీ ముఖం మీదికి రాకుండా ఆపుతున్నది ఆ పల్చటి ఇత్తడే. ఒక్కో కేసు చేతిలోకి తీసుకున్నప్పుడల్లా ఈ సంగతి గుర్తుంటే చాలు, సగం జాగ్రత్తలు వాటంతటవే వస్తాయి.

నిజానికి ఇత్తడి సంగతి నాకు అమెరికాలో కన్నా అజ్జరంలో బాగా అర్థమైంది. తణుకు వైపున్న ఆ ఊరు ఇత్తడి సామానుకి పేరుపడ్డదని మనవాళ్ళందరికీ తెలుసు. కిందటేడు మా అమ్మమ్మగారి బిందెకి మాటు వేయించడానికి వెళ్ళి కూర్చున్నాను. పక్కన ఒకాయన రేకుని సుత్తితో కొడుతూ కొడుతూ ఉన్నట్టుండి ఆపి, దాన్ని తీసుకెళ్ళి కొలిమిలో పెట్టాడు. ఎందుకండీ అని అడిగితే, "కొట్టేకొద్దీ గట్టిపడిపోద్దండి, కాల్చకుండా ఇంకా కొడితే పగిలిపోద్ది" అన్నాడు. తూటా కేసుకి జరిగేదీ అచ్చం అదే. పేలినప్పుడు కేసు మెడ, అంటే బుల్లెట్‌ని పట్టుకునే పై భాగం, ఉబ్బుతుంది, మీరు డైలో (కేసుని పాత కొలతకి తెచ్చే ఉక్కు అచ్చు) పెట్టి నొక్కితే మళ్ళీ బిగుస్తుంది, ప్రతిసారీ ఒక సుత్తి దెబ్బ పడ్డట్టే. కొన్నాళ్ళకి మెడ బిరుసెక్కి నిలువునా చీలుతుంది. అందుకే కొందరు మెడని మంట మీద తిప్పి మెత్తబరుస్తారు. అది మెడకీ, దాని కింద వాలుగా వెడల్పయ్యే భుజానికీ మాత్రమే. అడుగు భాగానికి వేడి తగిలి అది మెత్తబడితే ఆ కేసు ఇక పేలుడుకి ఆగదు. కేసులన్నీ ట్రేలో పోసి ఓవెన్‌లో కాల్చడం లాంటివి అసలు చెయ్యకండి. పద్ధతి తెలియకపోతే ఆ పని మానేసి కొత్త కేసులు కొనుక్కోండి.

ఏ కేసులు ఎంచుకోవాలంటే, మీ రైఫిల్లో మీరే కాల్చినవి, ఒకే కంపెనీవి, ఒకే పెట్టెలోవి. షూటింగ్ రేంజిలో నేలమీద ఊరికే దొరికినవి ఎన్నిసార్లు పేలాయో, ఏ తుపాకీలో సాగిపోయాయో ఎవరికీ తెలియదు. నేనైతే ముట్టుకోను. ఎవరైనా ఇచ్చినా ముందు అడుగున ఉన్న ముద్ర చదవండి. .300 బ్లాక్‌అవుట్ కేసులు చాలామంది .223 కేసులనే కోసి చేసుకుంటారు, అలాంటప్పుడు అడుగున పాత ముద్రే ఉంటుంది, ఆ రెండిటి కలగాపులగం వల్ల రైఫిళ్ళు పేలిపోయాయి కూడా. మిలిటరీ కేసుల గోడ మందంగా ఉండి లోపల జాగా తగ్గుతుంది కాబట్టి మామూలు .308 కేసులో పోసినంత పౌడరు అందులోనూ పోస్తే ఒత్తిడి పెరిగిపోతుంది. లోపలికి టార్చి వేసి చూడండి, మధ్యలో ఒకే చిల్లు ఉంటే సరే, రెండు చిన్న చిల్లులుంటే అది వేరే రకం ప్రైమరుది, పాత ప్రైమరుని బయటికి నెట్టే మీ డై సూది విరుగుతుంది. అయస్కాంతానికి అంటుకుంటే అది ఇత్తడే కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. కేసు అడుగుకి కొంచెం పైన, సుమారు పావు అంగుళం ఎత్తులో, చుట్టూ సన్నగా మెరిసే గీత కనిపిస్తే లోపల గోడ పల్చబడుతోందని గుర్తు. గోరుతో తడిమితే బయట ఏమీ తెలియదు. పేపర్ క్లిప్ తీసుకుని చివర కొద్దిగా వంచి, దాన్ని కేసు లోపల అడుగు నుంచి గోడ వెంబడి నెమ్మదిగా పైకి లాగండి. ఆ చోట క్లిప్ మొన చిన్న గాడిలో పడి టక్కుమని ఆగుతుంది. ఆగిందా, ఆ కేసు అయిపోయింది. ప్లయర్‌తో మూతి నలిపేసి పడెయ్యండి, నలపకుండా పడేస్తే మీరో మీ స్నేహితుడో మళ్ళీ ఏరుకుంటారు. నేను ఒకసారి ఈ పరీక్ష చెయ్యకుండా, లెక్క రాసుకోకుండా, ఐదోసారో ఆరోసారో నింపిన కేసు కాల్చాను. తూటా వెనక మూసే బోల్ట్ లాగితే కేసు అడుగు ముక్క ఒక్కటే చేతికొచ్చింది, ముందు సగం తుపాకీలో తూటా కూర్చునే ఛాంబర్లోనే ఉండిపోయింది. కళ్ళద్దాలు పెట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆరోజు ఇంటికెళ్ళేదాకా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

సైజింగ్ డైని అవసరానికి మించి కిందికి దింపి భుజాన్ని వెనక్కి నెట్టేస్తే ఈ పల్చబడటం త్వరగా వస్తుంది. బోల్ట్ రైఫిలుకి భుజాన్ని 0.002 అంగుళం వెనక్కి నెడితే చాలు, కొలిచి చెయ్యండి. పొడవు కూడా కాలిపర్‌తో చూడాలి, .30-06 కేసు 2.494 అంగుళాలు దాటకూడదు, .308 అయితే 2.015. దాటితే మూతి ముందుకెళ్ళి బుల్లెట్‌ని బిగించేస్తుంది, ఒత్తిడి ఒక్కసారిగా ఎగబాకుతుంది. కొత్త ప్రైమరు ఏ అడ్డూ లేకుండా జారి కూర్చుంటే ఆ కేసు కూడా తీసెయ్యండి. చీలికలు పట్టడానికి సులువు, నాలుగైదు కేసులు గుప్పిట్లో పట్టుకుని కదపండి, సంతలో కుండ తట్టి చూసినట్టే. చీలినది ఉంటే మోత బొంగురుగా వస్తుంది.

శుభ్రం చెయ్యడానికి మనవాళ్ళకి చింతపండు గుర్తొస్తుంది. బిందెకి మంచిదే. కేసుల్ని పులుపులో గంటల తరబడి నానబెడితే మాత్రం జింకు పోయి ఇత్తడి గులాబీ రంగుకి తిరుగుతుంది, బలం పోతుంది. అమ్మోనియా ఉన్న పాలిష్ అసలే వద్దు. బ్రిటిష్ వాళ్ళ కాలంలో ఇండియాలో వానాకాలంలో తూటాల్ని గుర్రాల శాలల్లో దాస్తే, వానలు వెలిసి బయటికి తీసేసరికి చాలావాటి కేసులు వాటంతటవే పగిలి ఉండేవి. గుర్రాల మూత్రంలోంచి వచ్చే అమ్మోనియా, లోపల అణిగి ఉన్న ఒత్తిడి కలిసి అలా చేస్తున్నాయని 1921లో తేల్చారు. ఇలా పగలడాన్ని సీజన్ క్రాకింగ్ అంటారు, ఆ పేరు మన వానాకాలం వల్లే వచ్చిందని చెబుతారు. పశువుల కొట్టం అటక మీద ఏళ్ళ తరబడి పడున్న మా బిందెకి వెంట్రుకంత చీలిక ఎందుకొచ్చిందో ఇది తెలిశాకే అర్థమైంది. మీరక్కడ గ్యారేజీలో ఎరువుల సంచి, పిల్లి మలమూత్రాల ట్రే, ఇల్లు తుడిచే లిక్విడ్ పెట్టే మూల దగ్గర కేసుల డబ్బా పెట్టకండి.

వాడిన ప్రైమరు మసిలో సీసం ఉంటుంది. కేసుల్ని పొడిగా తిప్పి శుభ్రం చేసే మిషను ఇంట్లో పెట్టొద్దు, పిల్లలు తిరిగే చోట ఆ పొడి దులపొద్దు, అన్నానికి కూర్చునే ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. నీళ్ళతో కడిగితే ప్రైమరు గుంటలోంచి తడి పూర్తిగా ఆరేదాకా నింపొద్దు. నూనె రాసి సైజు చేశాక ఆ నూనె తుడిచెయ్యాలి.

ఏ డబ్బా ఎన్నోసారో దానిమీదే మార్కరుతో రాయండి. యాభై కేసులు కలిసే తిరగాలి, అందులో రెండిటికి మెడ చీలితే మిగతా నలభై ఎనిమిదీ అదే దారిలో ఉన్నట్టు.

ఇంకొకటి, ఇది మన ఊరు వచ్చేవాళ్ళకి. నవంబరులో వేటకి తీసుకెళ్ళిన బ్యాగునే సంక్రాంతికి తెచ్చుకుంటారు, పక్క జేబులో ఎక్కడో ఒక తూటా గానీ ఖాళీ కేసు గానీ ఉండిపోతుంది, ఇక్కడ విమానాశ్రయం స్కానర్లో అది కనపడితే పండగ పోలీస్ స్టేషన్లో గడపాల్సి రావచ్చు. ఆ బ్యాగు అక్కడే వదిలి, వేరే బ్యాగుతో రండి.